చెట్టు మారుతదా బిడ్డా?

2024 ఎండాకాలంలో ఒకరోజు పొద్దున ఏడున్నరకి ఫోన్ మోగింది. ఫ్లోరిడా నుంచి మా చిన్నమ్మ కూతురు. అక్కడ రాత్రి పది. పిల్లలిద్దర్నీ పడుకోబెట్టి, గిన్నెలు కడిగి, వంటింటి బల్ల మీద చదువు ముందేసుకుని కూర్చుందట. “అక్కా, ఇంక పదకొండు యూనిట్లు తక్కువున్నయి. సెప్టెంబర్‌ల గడువైపోతది. కాకుంటే మల్ల పరీక్ష మొత్తం రాయాలె” అంది. గొంతులో ఏడుపు లేదు గానీ, ఏడవడానికి కూడా తీరిక లేనట్టుంది.

వాకిట్లో చింతపండు గింజ తీస్తున్న అమ్మ ఈ మాటలు విన్నది. “మల్లేం పరీక్ష? అప్పుడే పాసైంది గద!” అని అడిగింది. పాసైనా సరే, మూడేళ్లకోసారి ఇంకా చదువుతూనే ఉన్నానని చూపించుకోవాలని చెప్పాను. అమ్మ చేతిలో పని ఆపకుండా, “ఎందుకు? మూడేళ్లల్ల చెట్టు మారుతదా బిడ్డా?” అంది.

నవ్వేశాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. డాక్టరేట్ ఉన్న నాకు దానికి సరైన జవాబు వెతుక్కోవడానికి చాలా రోజులు పట్టింది. వెతుకుతుంటే అది చెల్లె గురించిన ప్రశ్న మాత్రమే కాదనీ, అమ్మ గురించీ నా గురించీ కూడా అని అర్థమయింది.

మాది గీతవృత్తి కుటుంబం. నాయన, తాత, మేనమామలు అందరూ తాళ్లు, ఈదులు ఎక్కినవాళ్లే. చెల్లె రాజేంద్రనగర్‌లో ఉద్యానశాస్త్రంలో డిగ్రీ చేసింది. పెళ్లయి అమెరికా వెళ్లాక నాలుగేళ్లు డిపెండెంట్ వీసా మీద ఇంట్లోనే ఉండిపోయింది. పని చేసుకునే అనుమతి వచ్చాక ఒక చెట్ల కంపెనీలో చేరింది. మొదటి ఏడాదంతా నేల మీది పనే. పైనుంచి కోసి దించిన కొమ్మల్ని ఈడ్చుకెళ్లి, వాటిని ముక్కలు చేసే యంత్రంలో వెయ్యడం. జట్టులో ఆమె ఒక్కతే ఆడమనిషి. చెట్టెక్కేటప్పుడు నడుముకీ తొడలకీ కట్టుకునే పట్టీలు కూడా ఆమె ఒంటికి సరిపోయేవి కావట. “మనం పోతమని వాళ్లు అనుకోనే లేదక్కా” అని నవ్వేది.

అక్కడ ఈ పని చేసేవాళ్లని ఆర్బరిస్టులంటారు. మనకి తోటమాలి ఉన్నాడు, అటవీ ఉద్యోగి ఉన్నాడు, కరెంటు తీగల కింద కొమ్మలు నరికే కూలీ ఉన్నాడు. ఇంటి ముందో వీధిలోనో నిలబడ్డ ఒక్కొక్క చెట్టునీ పరీక్షించి, దాని ఆరోగ్యం ఎలా ఉంది, ఏ కొమ్మ ఎక్కడ కోయాలి, ఏది ఎవరి మీద పడే ప్రమాదముంది అని చెప్పే మనిషికి మాత్రం మన దగ్గర పేరు లేదు. అమెరికాలో వీళ్లకి ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ఆర్బరికల్చర్ అనే సంస్థ ఉంది. దాని మూలాలు 1924 నాటివి. సర్టిఫికెట్ ఇవ్వడం మాత్రం 1992లో మొదలుపెట్టారు. పరీక్షకు కూర్చోవాలంటే మూడేళ్లు పని చేసిన అనుభవం చూపించాలి. సంబంధిత డిగ్రీ ఉంటే కొంత తగ్గుతుంది. రెండు వందల ప్రశ్నలు, మూడున్నర గంటలు. నేల, చెట్టు లోపలి నిర్మాణం, నాటడం, కత్తిరింపు, తెగుళ్లు, పడిపోయే ప్రమాదాన్ని అంచనా వెయ్యడం, పనిలో ప్రాణాలు కాపాడుకోవడం అన్నీ ఉంటాయి. పాసైనాక మూడేళ్లలో ముప్ఫై ‘కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ యూనిట్లు’ సంపాదించాలి. ఒక యూనిట్ అంటే ఇంచుమించు గంట పాఠం. సదస్సులకి వెళ్లి సంపాదించవచ్చు, లేదా సంస్థ పత్రికలో వచ్చే వ్యాసం చదివి దాని కింది ప్రశ్నలకు జవాబులు రాసి సంపాదించవచ్చు.

2021లో చెల్లె మొదటిసారి పరీక్షకు చదువుతున్నప్పుడు ప్రశ్నలు అడిగే పని నాది. ఆమె పుస్తకంలో పేజీలు ఫొటోలు తీసి పంపేది. నేను పొద్దున్నే టీ తాగుతూ అడిగేదాన్ని. అలా ఒకరోజు తాటి, ఈత, కొబ్బరి జాతుల అధ్యాయం వచ్చింది. “వీటి కాండానికి గాయమైతే ఏమవుతుంది?” అని అడిగాను. చెల్లె చెప్పింది: మామూలు చెట్లకి బెరడు కింద కేంబియం అనే పలచని పొర ఉంటుంది, అది కొత్త కణాలు పుట్టిస్తూ గాయాన్ని కప్పేస్తుంది. తాటిజాతికి ఆ పొర లేదు. కాబట్టి గాయం ఎప్పటికీ పూడదు. చెట్టు బతికినన్నాళ్లూ ఆ గాటు అట్లాగే ఉంటుంది.

పక్కనే ఉన్న అమ్మ వెంటనే, “గదేం ప్రశ్న? ఈదుకు పడ్డ గాటు పూడదు. అందుకే గద ఒక ఏడు ఈ దిక్కు గీస్తే మల్ల ఏడు ఆ దిక్కు గీసేది. గాట్లు చూసి చెట్టుకెన్నేండ్లు గీసిన్రో చెప్పొచ్చు. మొవ్వ జోలికి మాత్రం పోవద్దు. మొవ్వ పోతే చెట్టే పోతది” అంది.

ఫోన్‌లో చెల్లె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “పెద్దమ్మా, నువ్వు చెప్పింది తర్వాతి ప్రశ్న. వీటికి పెరిగే చోటు ఒక్కటే, తలకాయల ఉంటది. అది పోతే చెట్టు పోయినట్టే. అదే రాసిన్రు పుస్తకంల” అంది.

ఇంకో తమాషా కూడా ఆరోజే తెలిసింది. ఫ్లోరిడాలో పెద్ద పెద్ద దుకాణాల ముందూ కొత్త కాలనీల గేట్ల దగ్గరా వరసగా నాటే చెట్లలో మన ఈత చెట్టు ఒకటి. శాస్త్రీయ నామం ఫీనిక్స్ సిల్వెస్ట్రిస్. అక్కడ అందానికి పెంచుతారు. కల్లు సంగతి ఎవరికీ తెలియదు. తెలిసిన ఒక్క మనిషీ కింద నిలబడి, తొమ్మిదికీ మూడుకీ మధ్య అడ్డగీత ఊహించుకుని, దానికి పైనున్న పచ్చ మట్ట ఒక్కటీ తెగకుండా చూస్తోంది. తుపాను కాలానికి ముందు మట్టలన్నీ గొరిగించేస్తే చెట్టు గాలికి తట్టుకుంటుందని ఇళ్లవాళ్ల నమ్మకమట. అది తప్పనీ, చెట్టు ఇంకా బలహీనమవుతుందనీ రోజుకొకరికి చెప్పాల్సి వస్తుందట.

మరి మా అమ్మకి తెలిసిన సంగతికే అంత పరీక్ష ఎందుకు? మూడేళ్లకోసారి ఎందుకు? ఇక్కడ నేను తొందరపడి ‘మనవాళ్లకి అన్నీ ముందే తెలుసు’ అని రాసేస్తే సులువుగా ఉండేది. చప్పట్లు కూడా పడేవి. కానీ చెల్లె ఒప్పుకోలేదు.

ఆమె అలెక్స్ షైగో గురించి చెప్పింది. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన శాస్త్రవేత్త. 2006లో చనిపోయాడు. వేలాది చెట్లని రంపంతో నిలువునా చీల్చి, లోపల కుళ్లు ఎలా పాకుతుందో చూశాడు. చెట్టు గాయం మన ఒంటి గాయంలా మానదనీ, దెబ్బతిన్న భాగం చుట్టూ చెట్టు గోడలు కట్టుకుని దాన్ని వేరుచేసి, బయట కొత్త చెక్క పెంచుకుంటుందనీ 1970లలో చెప్పాడు. అంతకుముందు అక్కడి నిపుణులే కొమ్మని కాండానికి ఆనించి నున్నగా కోసి, కోసిన చోట రంగు పూసేవాళ్లు. అది వైద్యమనుకున్నారు. నిజానికి కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే భాగాన్ని కోసేసి, చెట్టు గోడ కట్టుకునే చోటునే తీసేస్తున్నారు. రంగు వల్ల కుళ్లు ఆగనూ లేదు. ఫ్లోరిడాలో ఈత జాతిని ఎండబెట్టి చంపే తెగులు బయటపడింది 2006లో. దాని పేరు కూడా తర్వాత మారింది. డిగ్రీ నాటి చదువుతోనే ఆగిపోతే చెల్లె ఆ తెగులుని గుర్తుపట్టేదే కాదు.

అమ్మకి ఇదంతా చెప్పాను. చెట్టు మారదమ్మా, చెట్టు గురించి మనకు తెలిసింది మారుతుంది అన్నాను. అమ్మ ఒప్పుకుంది. ఒప్పుకుని, “మరి అప్పటిదాంక కొట్టిన చెట్లో?” అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఒకరోజు చెల్లె ఇంకో సంగతి చెప్పింది. అమెరికాలో చెట్ల పనికి ఒక జాతీయ భద్రతా ప్రమాణం ఉంది. జడ్ 133 అంటారు. తాడు ఎలా ఉండాలి, కరెంటు తీగకి ఎంత దూరం పాటించాలి, ఎవరు ఎవరిని చూస్తూ ఉండాలి, అన్నీ అందులో ఉంటాయి. ఎవరో ఇంజినీరు మొదలుపెట్టి ఉంటాడనుకున్నాను. కాదు. న్యూయార్క్‌కి చెందిన ఎథెల్ హగ్ అనే తల్లి. కొడుకు చెట్టు కొమ్మలు కత్తిరించే పనిలో చనిపోయాడు. ఇంత ప్రమాదమైన పనికి దేశమంతటికీ ఒక నియమం ఎందుకు లేదని ఆమె 1968లో అడగడం మొదలుపెట్టింది. అడుగుతూనే ఉంది. 1972లో మొదటి ప్రమాణం వచ్చింది. ఆ పుస్తకం ముందుమాటలో ఆమె పేరు ఉంది.

ఈ సంగతి అమ్మకి చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. ఎందుకంటే నాయన చెట్టు మీంచి పడింది నేను పదో తరగతిలో ఉన్నప్పుడు. మోకు పోగులు తెగిపోతున్నాయని అమ్మ అప్పటికి వారం నుంచి చెబుతోంది. రోజూ ఇంటికొచ్చాక మోకునీ ముస్తాదునీ దులిపి గోడకి తగిలించేది ఆమే కాబట్టి, చేతితో తడిమితేనే తెలిసింది. “ఎక్కేటోన్ని నేను, నీకేమెరుక?” అన్నాడు నాయన. పడ్డాక బతికాడు గానీ మళ్లీ చెట్టెక్కలేదు. ఆ తర్వాత పరిహారం కోసం ఆఫీసుల చుట్టూ, అంగవైకల్యం సర్టిఫికెట్ కోసం ఆసుపత్రి చుట్టూ తిరిగింది అమ్మే. చదువు రాదు. ఏ కాగితం ఏదో మడతల్ని బట్టి గుర్తుపట్టేది. కాగితం ఎంత బలమైందో మా ఇంట్లో అందరికంటే ముందు తెలిసింది ఆమెకే.

చివరికి చెప్పాను. అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “ఆమె మాట ఇన్నరా?” అని మాత్రం అడిగింది. నాలుగేళ్లు పట్టిందన్నాను. “ఇన్నరు గద” అంది.

అప్పుడు నాకు సర్టిఫికెట్ విలువ ఇంకోలా కనిపించింది. అది తెలివికి రుజువు మాత్రమే కాదు. ‘నీకేమెరుక’ అన్నవాడి ముందు పెట్టడానికి ఒక కాగితం. ఫ్లోరిడాలో 2019లో ఒక చట్టం వచ్చింది. ఇంటి ఆవరణలోని చెట్టు ప్రమాదకరమైందని సర్టిఫికెట్ ఉన్న ఆర్బరిస్ట్ రాసిస్తే, నగరపాలక సంస్థ అనుమతి లేకుండానే యజమాని దాన్ని కొట్టేయవచ్చు. ప్రమాదాన్ని ఎలా అంచనా వేయాలో 2022 సవరణలో కట్టుదిట్టం చేశారు. ఒక యజమాని ఇంటి పక్కన నిక్షేపంలా ఉన్న ఓక్ చెట్టు కొట్టించాలనుకున్నాడు. చెల్లెని సంతకం పెట్టమన్నారు. పెట్టనంది. నువ్వు నిన్నమొన్న వచ్చినదానివి అన్నాడట పై మనిషి. “నా సంతకమక్కా. నెంబరు నాది. నీతి నియమావళి కింద కూడా సంతకం జేసిన. అబద్ధం రాస్తే పోయేది నా సర్టిఫికెటే” అంది చెల్లె. ఉద్యోగం పోలేదు. కొన్ని వారాలు మాత్రం మళ్లీ కొమ్మలు ఈడ్చే పనికే పంపారు. ఆ చెట్టు సంగతి తర్వాత తెలియదు. వేరే ఎవరైనా రాసిచ్చారేమో. కానీ ఆమె ‘కాదు’ అనగలిగింది. మా అమ్మ కూడా అన్నది. ఆ ‘కాదు’కి నెంబరు లేదు.

అయితే ఆ నెంబరు నిలబెట్టుకోవడానికి కావలసింది తీరిక. సదస్సులు పని దినాల్లో జరుగుతాయి, లేదంటే వేరే ఊళ్లో. జట్టులో మగవాళ్లు రెండు రోజులు వెళ్లి యూనిట్లన్నీ తెచ్చుకుంటారు. వాళ్ల పిల్లల్ని ఆ రెండు రోజులు ఎవరు చూశారని ఏ ఫారంలోనూ అడగరు. చెల్లె రాత్రి పది తర్వాత ఒక్కో వ్యాసం, ఒక్కో యూనిట్‌గా పోగుచేసుకోవాలి. రెండో కాన్పు కూడా ఆ మూడేళ్లలోనే జరిగింది. చదువు కొనసాగించాలి అన్న మాట వినడానికి ఎంతో బాగుంటుంది. ఆడవాళ్ల జీవితంలో కొనసాగేది ఇంటిపని. చదువుని దాని సందుల్లో ఇరికించుకోవాలి.

ఈ మాట అంటున్నప్పుడు నా రిఫ్రెషర్ కోర్సు గుర్తొచ్చి సిగ్గేసింది. ఇది చదివే అధ్యాపకురాళ్లకి నేను వివరించి చెప్పక్కర్లేదు. 2020లో, కోవిడ్ కాలంలో, రెండు వారాల ఆన్‌లైన్ కోర్సు. కెమెరా ఆపేసి, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, ‘సాహిత్యంలో స్త్రీ’ అన్న ఉపన్యాసం వింటూ పప్పు తాలింపు పెట్టాను. ఉపన్యసించినాయన వంటగది గురించి ఒక్క మాట మాట్లాడలేదు. ‘ఏ’ గ్రేడ్ వచ్చింది. తాత్కాలిక అధ్యాపకురాలిని కాబట్టి ప్రమోషన్‌కి కూడా పనికిరాని ఆ కాగితం ఫైల్లో ఉంది. నా డాక్టరేట్‌కి గడువు తేదీ లేదు. దాన్ని పట్టుకుని ముప్ఫై ఏళ్లు అదే పాఠం చెప్పుకోవచ్చు, ఎవరూ అడగరు. మా చెల్లె చెట్టుకి చేసే తప్పు పదేళ్లకి కుళ్లులా బయటపడుతుంది. మనం పిల్లలకి చేసే తప్పు ఎక్కడ బయటపడుతుంది?

2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకు ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మోకు జారినా మనిషి కింద పడకుండా ఆపే తాళ్లు, పట్టీలు. శిక్షణ ఇచ్చి మరీ ఇస్తున్నారు. మా ఊరివాళ్లకి తాటివనంలో శిక్షణ జరిగిన రోజు నేను ఊళ్లోనే ఉన్నాను. మగవాళ్లంతా చెట్టు చుట్టూ చేరారు. ఆడవాళ్లు దూరంగా గట్టు మీద నిలబడ్డారు. వాళ్లని ఎవరూ వద్దనలేదు, రమ్మనీ అనలేదు. అంతా అయ్యాక అమ్మ మెల్లగా వెళ్లి, చిన్నాయన చేతిలోని పట్టీ తీసుకుని, కుట్లు ఒక్కొక్కటీ బొటనవేలితో నొక్కి చూసింది. “ఇది ఎన్నేండ్లొస్తది? ఎప్పుడు మార్చాలె?” అని శిక్షకుడిని అడిగింది. ఆ మధ్యాహ్నమంతటిలో ఆ ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే. అతను మంచివాడు, ఓపికగా చెప్పాడు. వాడే ముందు ప్రతిసారీ చూసుకోవాలన్నాడు. చూసేది ఎవరో అతనికి తెలియదు. మాకు తెలుసు. ప్రతి ఇంట్లోనూ పట్టీలు దులిపి తగిలించే చేతులే చూస్తాయి. ఆ చేతులకి శిక్షణ ఇవ్వాలని ఎవరికీ తట్టలేదు.

ఆడవాళ్లు చెట్టెక్కలేరు కాబట్టి పిలవలేదంటే కుదరదు. కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011లో కేరళలో ‘కొబ్బరిచెట్టు నేస్తాలు’ అన్న శిక్షణ మొదలుపెట్టి, యంత్రం సాయంతో చెట్టెక్కడం నేర్పినప్పుడు ఆడవాళ్లు వచ్చారు, నేర్చుకున్నారు, ఎక్కారు. అడ్డుపడ్డది ఒళ్లు కాదని తేలిపోయింది. కానీ అమ్మ విషయం ఇంకా చిక్కైంది. ఆమె చెట్టెక్కలేదు, ఎక్కాలనుకోలేదు కూడా. ముందే పని వచ్చినవాళ్లని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి 2015 నాటి ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఉంది. అమ్మ వెళితే ఏ పని కింద ఇస్తారు? కల్లు రంగు చూసి ఏ చెట్టుకి విశ్రాంతి కావాలో చెప్పే పని, మోకు తడిమి ఇంకెన్నాళ్లు ఆగుతుందో చెప్పే పని, మండువలో లెక్క, ఇంట్లో మంచాన పడ్డవాడి సేవ — వీటన్నిటికీ కలిపి ‘గౌడు భార్య’ అనే పేరు తప్ప మన భాషలో ఇంకో పేరు లేదు.

ఈ మాట రాశాక నా సిద్ధాంత గ్రంథం తీసి చూసుకున్నాను. కులవృత్తుల సాహిత్యం మీద చేశాను. గీతవృత్తి గురించి నలభై పేజీల అధ్యాయం. చెట్ల రకాలు, గీత పద్ధతులు, పనిముట్ల పేర్లు... వాటిలో సగం అమ్మ చెప్పినవే. చివర సమాచారదాతల పట్టికలో పదకొండు మంది పేర్లున్నాయి. నాయన ఉన్నాడు, చిన్నాయన ఉన్నాడు, మేనమామ ఉన్నాడు. పదకొండు మందీ మగవాళ్లే. అమ్మ పేరు ‘కృతజ్ఞతలు’ పేజీలో ఉంది: ‘నన్ను కని పెంచి, నా చదువు కోసం ఎన్నో కష్టాలు పడిన మా అమ్మకు’ అని. ఎంత ప్రేమగా రాశాననుకున్నానో అప్పుడు! ‘నీకేమెరుక’ అని నాయన నోటితో అన్నాడు. నేను పట్టిక వేసి, బైండు చేయించి, విశ్వవిద్యాలయంలో దాఖలు చేశాను. దానికి నాకు పట్టా ఇచ్చారు. పరీక్షకులెవరూ అడగలేదు. స్త్రీవాదం మీద ఒక అధ్యాయం కూడా రాసిన నేనూ అడగలేదు.

చెల్లె సెప్టెంబర్‌లో గడువుకి తొమ్మిది రోజుల ముందు ముప్ఫయ్యో యూనిట్ పూర్తి చేసింది. ఆరోజు ఫోన్ చేసి, “ఇంకో మూడేండ్లు బేఫికరక్కా” అంది. ఆమె వెనకాల చిన్నది ఏడుస్తోంది.

సిద్ధాంత గ్రంథాన్ని ఇప్పుడు పుస్తకంగా తెస్తున్నాను. గీతవృత్తి అధ్యాయం మళ్లీ మొదట్నుంచీ రాస్తున్నాను. దానికోసం నోటుబుక్కు పట్టుకుని అమ్మ ముందు కూర్చుంటే మొదట నవ్వింది. తర్వాత, “ఏం అడుగుతవో అడుగు, నాకు పొయ్యి మీద అన్నముంది” అంది. ముందు లేచి ఆ అన్నం దించి వచ్చాను. తర్వాత అడిగాను.